తపన ముందా, పని ముందా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గడచిన సంచికలో ఈ శీర్షిక కింద నాట్యం, సంగీతం, చిత్రలేఖనం, రంగస్థలం, చేతిపని వంటి వేర్వేరు రంగాల కళాకారులను గురించి రాస్తూ, వారందరినీ కలిపే దారంగా ‘తపన’ అన్న మాటను వాడాను. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క మాట మీదే వచ్చాయి. దానిని పిల్లల్లో ఎలా గుర్తించాలని కొందరు అడిగారు. కడుపు నిండినవారు చెప్పే మాట అది అని కొందరు కోప్పడ్డారు. నేను వదిలేసిన పేర్లను ఎత్తి చూపినవారూ ఉన్నారు. చోటు సరిపోయినంత మేరకు కొన్నిటికి ఇక్కడ సమాధానం చెబుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. తరగతిలో అడుగులూ జతులూ తప్పకుండానే వేస్తుంది కాని, ఇంట్లో సాధన చేయమంటే ఏదో ఒక వంక చెబుతుంది. నాట్యమంటే ప్రాణం పెట్టే పిల్లలు వేరే ఉంటారనీ, దీనికి ఆ తపన లేదనీ బంధువులు అంటున్నారు. మాన్పించడమే మంచిదంటారా?
— ఒక తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, తొమ్మిదేళ్ల పిల్లలో తపనను వెదకడం నారుమడి దగ్గర నిలబడి ధాన్యం ఎన్ని బస్తాలని అడగడం వంటిది. తపన ముందు పుట్టి, ఆ తరువాత మనిషి దానిని వెంటబెట్టుకుని గురువును వెతుక్కుంటూ వెళతాడన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. జీవితచరిత్రలు రాసేవారు ఆ నమ్మకానికి తగినట్టు చిన్ననాటి కథలను దిద్ది పెడతారు. నేను చదివినంతలో, చూసినంతలో చాలామంది విషయంలో వరుస తిరగబడి ఉంటుంది. పని చేతికి కొంత పట్టుబడిన తరువాతే దాని మీద మక్కువ కలుగుతుంది.

మీ ఊరికి దగ్గరలోని బాపట్లనే తీసుకోండి. స్త్రీ పాత్రలకు తెలుగు నాటకరంగంలో మరో పేరుగా నిలిచిన స్థానం నరసింహారావు గారు రంగం మీదికి వచ్చింది ఒక కొరత తీర్చడానికి. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడవలసిన రోజున చంద్రమతి వేషధారి రాకపోవడంతో, పాట పాడగల కుర్రవాడని ఆయనకు ఆ వేషం కట్టారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఆ సాయంత్రం అసలు నటుడు వేళకు వచ్చి ఉంటే సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయనను మన తాతలు చూసేవారా అన్నది ఎవరూ చెప్పలేరు. అయితే ఆ ఒక్క రాత్రి తరువాత దశాబ్దాల పాటు స్త్రీల నడకనూ, చీర కుచ్చెళ్లు సవరించుకునే తీరునూ, కోపంలో మెడ తిప్పే పద్ధతినీ గమనించి గమనించి సాధన చేసినది ఆయనే. వేషం యాదృచ్ఛికంగా దొరికింది, పట్టుదల మాత్రం కొద్దికొద్దిగా పెరిగింది.

ఇక మీరు చూడవలసినది సాధనకు పెట్టే వంకలను కాదు. వంకలు పెట్టని పిల్లలు నాకు ఇంతవరకు తారసపడలేదు, నేనూ అటువంటి పిల్లవాడిని కాను. ఎవరూ చెప్పకుండానే తను వేసిన తప్పు అడుగును తనే ఆపి మళ్లీ వేస్తుందా, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు కాలు దానంతట అదే తాళం వేస్తుందా, తోటి పిల్ల బాగా చేస్తే కళ్లార్పకుండా చూస్తుందా అన్నది గమనించండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మాన్పించవద్దు. గంటసేపు సాధన అని కూర్చోబెట్టకుండా, రోజూ పావుగంట మీరు కూడా ఎదురుగా కూర్చుని చూడండి. ఏదీ కనిపించకపోయినా, అమ్మాయినే ఒకసారి అడగండి. తొమ్మిదేళ్లకు ఆ మాత్రం చెప్పగలదు.

ప్రశ్న: నిమ్మలకుంటకు దగ్గరలోనే ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాడిని. తోలుబొమ్మలు చేసే కుటుంబాల పిల్లలు కొందరు నా దగ్గర చదువుకున్నారు. తాత చేశాడు కనుక తండ్రి, తండ్రి చేశాడు కనుక కొడుకు ఆ పని చేస్తున్నారు. మరో దారి దొరికినవారు వెళ్లిపోతున్నారు. కడుపు కోసం చేసే పనికి తపన అని పేరు పెట్టడం, వారికి ఇవ్వవలసిన కూలిని తగ్గించడానికి చెప్పే తీపి మాట కాదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ధర్మవరం

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరాన్ని రెండు మూడు సార్లు చదివాను. మీ కోపంలో సగం నాకు పూర్తిగా సమ్మతమే. ‘కళ మీద ప్రేమతో చేస్తున్నారు కదా, ధర కాస్త చూసి చెప్పండి’ అని చేతిపనుల సంతలో బేరమాడే పెద్దమనుషులను నేను కళ్లారా చూశాను. అదే పెద్దమనిషి తన ఇంటికి వచ్చిన వైద్యుడితో ‘వైద్యం మీద ప్రేమతోనే కదా’ అని అనడు. తపన అన్న మాట ఎక్కడ డబ్బుకు బదులుగా చెల్లుబాటవుతుందో అక్కడ అది మోసమే.

మిగిలిన సగం దగ్గర మాత్రం మీతో విభేదిస్తాను. కడుపు కోసం చేసే పనిలో తపన ఉండదని మీరు అంటున్నారు. అంటే తపన అన్నది అన్నీ అమరినవారి సొత్తు అని మీరు కూడా ఒప్పుకున్నట్టే అవుతుంది. వంశపారంపర్యంగా వచ్చిన పనిలో తపన ఉందా లేదా అని తెలుసుకోవడానికి నేను చూసే చోటు ఒకటుంది: కొనేవాడి కంటికి ఆనని దశలలో ఆ మనిషి ఎంత జాగ్రత్త పడుతున్నాడు అన్నది.

గుడ్డ మీద బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీని ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ కంటికి ఆనని పనే ఎక్కువ. మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారు; కాళహస్తిలో కలంతో గీస్తారు. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్ని గాని గుడ్డ గాని చుట్టి దారంతో బిగిస్తారు. రంగు ఆ చుట్టలో నిలుస్తుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ మొనలోకి దిగుతుంది. గీత సన్నబడడమూ లావెక్కడమూ ఆ నొక్కులోనే ఉంటుంది. గీయడానికి ముందే గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి ఆరవేస్తారు. కరక్కాయలోని వగరు తరువాత పడే నలుపును పట్టి నిలుపుతుంది. పాలలోని కొవ్వు రంగు గుడ్డ మీద పాకిపోకుండా అడ్డుకుంటుంది. నల్లగీతకు వాడే కసింకారం బెల్లం, ఇనుప ముక్కలు, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టినది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది, ఇక చెరపడానికి వీలుండదు.

ఎరుపు సంగతి ఇంకా చిత్రమైనది. ఎర్రగా కనిపించవలసిన చోటల్లా ముందు పటిక నీటిని కలంతో పూస్తారు. పటిక నీటికి దాదాపు రంగే ఉండదు. ఆ తరువాత పారే నీటిలో ఉతికి, ఎరుపునిచ్చే వేళ్లూ చెక్కలూ వేసి మరిగించిన నీళ్లలో గుడ్డను ఉడకబెడితే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అంటే కళాకారుడు తాను గీస్తున్న రంగును గీస్తున్నప్పుడు చూడడు. అది కొన్ని రోజుల తరువాత, ఉడుకు నీళ్లలోంచి గుడ్డ పైకి తీసినప్పుడు బయటపడుతుంది. అప్పుడు కూడా పని తీరదు. ఉతకడం, ఎండబెట్టడం, మళ్లీ పాలలో ముంచడం, పసుపు వేయడం, దాని మీద నీలం వేసి ఆకుపచ్చ తెప్పించడం ఇలా సాగుతుంది. ఇప్పుడు బజారులో రసాయన రంగులతో ఒక్క పూటలో తయారైన బట్ట దొరుకుతోంది, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు కూడా. తెలిసినవాడు తప్ప ఎవరూ పసిగట్టలేరని తెలిసీ పాత పద్ధతిలో చేసే మనిషిని నడిపించేది కూలి ఒక్కటే అంటే నేను నమ్మను. 1950ల చివర, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసే నాటికి ఈ విద్య తెలిసినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే మిగిలారు. ఆ కొద్దిమంది అప్పటిదాకా దానిని వదలకుండా ఉండబట్టే నేర్పడానికి ఏదైనా మిగిలింది. తరువాతి కాలంలో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇక మీ ఇంటి పక్కనున్న నిమ్మలకుంట. నాకంటే మీకే బాగా తెలుసు, అయినా చదివేవారి కోసం చెబుతున్నాను. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెట్టి, అవతలి వెలుగు ఇవతలికి కనిపించేంత పలుచన చేస్తారు. దాని మీద బొమ్మ గీసి, నగలూ బట్టల అంచులూ ఉన్న చోట చిన్న ఉలులతో సన్నని రంధ్రాలు తొలుస్తారు. రంగును రెండు వైపులా వేస్తారు. చేతులూ తలా విడిగా కత్తిరించి, కీళ్ల దగ్గర దారంతో కడతారు. తెర వెనక దీపం వెలిగించినప్పుడు ఆ రంధ్రాలే కిరీటంలో రాళ్లలా మెరుస్తాయి. పగటి వెలుగులో చేతిలో పట్టుకుని చూసినవాడికి అది సగం బొమ్మే. రామాయణ కథ రాత్రుల తరబడి సాగుతుంటే, మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా కేతిగాడూ వచ్చి కూర్చున్నవారికి నిద్ర రాకుండా మోటు హాస్యం ఆడతారు. ఆ హాస్యాన్ని అచ్చు వేయడానికి ఏ పత్రికా సాహసించదు, మా పత్రికతో సహా.

ఇప్పుడు అదే తోలు మీద దీపపు గొట్టాలూ, గోడకు తగిలించే పలకలూ చేస్తున్నారు. మీ ఉత్తరంలో దానిని పతనం అన్నట్టుగా రాశారు. నాకు అలా అనిపించదు. బొమ్మలాట చూసే ఊళ్లు తగ్గిపోయినప్పుడు, తోలును పలుచన చేసే విద్యనూ రంధ్రం తొలిచే చేతినీ కాపాడుకోవడానికి దొరికిన దారి అది. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారు బొమ్మలు చేయడమూ తెర వెనక నిలిచి ఆడించడమూ రెండూ తెలిసిన మనిషి. అటువంటివారు తగ్గుతున్నారన్నదే నా దిగులు. దీపపు గొట్టం చేసే కుర్రవాడికి బొమ్మ తయారు చేయడం వస్తుంది కాని, దానికి గొంతు ఇవ్వడం రాకపోవచ్చు.

పటాలు గీసే చేర్యాల నకాషీల దగ్గర కథ మరో విధంగా ఉంటుంది. అక్కడ చిత్రకారుడు పటం గీసేది కథ చెప్పే వృత్తివారి కోసం. కాకిపడగలవారి వంటివారు ఊరూరా ఆ పటాన్ని విప్పుతూ, ఒక్కొక్క గడి చూపుతూ, ఒక కులం పుట్టుపూర్వోత్తరాలను పాడి చెప్పేవారు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి గట్టిపరచి, ఎర్రటి రంగు పూసిన నేపథ్యం మీద కథను పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తారు. పటం మీద చిత్రకారుడి పేరు ఉండదు. చూసే జనం చప్పట్లు కొట్టేది పాడేవాడికి. పేరు కూడా మిగలని పనిలో గుర్రం జూలు ఒక్కొక్క వెంట్రుకగా విడదీసి గీసిన చేతిని చూసినప్పుడు, కూలికి సరిపడా పని ఎప్పుడో అయిపోయింది, ఈ మిగతాది ఎందుకోసం అని మీరే ఒకసారి ఆలోచించండి. కూలి విషయంలో మాత్రం మీదే సరి: ఈ ‘మిగతాది’కి కూడా వెల కట్టి ఇవ్వాలి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నాటకం నా ఊపిరి. ఉద్యోగం మానేసి పూర్తిగా రంగస్థలానికే అంకితం కావాలని ఉంది. మీ సలహా ఏమిటి?
— ఒక యువకుడు, హైదరాబాద్

సమాధానం: మానేయవద్దు, ఇప్పుడే కాదు. నాటకానికి పగలు ఎనిమిది గంటలు అక్కర్లేదు. రిహార్సలు ఎక్కడైనా సాయంత్రమే మొదలవుతుంది. ముందు రెండేళ్ల పాటు ఒక్క సాయంత్రం కూడా తప్పకుండా వెళ్లండి, తెర లాగండి, దీపాలు మోయండి, మూడు మాటల వేషం ఇచ్చినా కట్టండి. ఆ తరువాత కూడా ఊపిరి అనిపిస్తే అప్పుడు రాయండి.

రంగస్థలాన్నే బతుకుగా చేసుకున్నవారు మన దగ్గర లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సందర్భంగా కీచకవధ ఆడడంతో మొదలైన వనారస గోవిందరావు గారి బృందం, తరతరాలుగా ఇంటిల్లిపాదీ నటులుగా ఎదిగిన సంస్థ అయింది. మగవారు ఆడవేషాలు కట్టడమే రివాజుగా ఉన్న రోజులలో సురభిలో స్త్రీల వేషాలు స్త్రీలే కట్టారు, ఎందుకంటే అక్కడ నాటకసంస్థ అన్నా కుటుంబం అన్నా ఒకటే. తెరలు రాసేవారూ, మాయాబజారులో మాయలు చూపే యంత్రాలు బిగించేవారూ, హార్మోనియం వాయించేవారూ ఇంటివారే. మీరు ఒక్కరే, మీ వెనుక అటువంటి ఇల్లు లేదు. జీతం ఒకటి ఉంది. దానిని నాటకానికి పెట్టుబడిగా వాడుకోండి.

ప్రశ్న: షేక్ నాజర్ గారిని కళాకారుడిగా పొగిడారు. ఆయన తపన బుర్రకథ మీదా, ఆయన నమ్మిన రాజకీయాల మీదా?
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఈ ప్రశ్నకు బుర్రకథ కూర్పులోనే జవాబు ఉంది. మధ్యలో తంబూర భుజాన వేసుకుని, బొటనవేలికి అందె తొడుక్కుని కథకుడు నిలబడతాడు. ఇరుపక్కలా డక్కీలు వాయిస్తూ వంత పాడేవారిలో ఒకరిని హాస్యం అనీ, రెండవవారిని రాజకీయం అనీ పిలుస్తారు. కథ పల్నాటి యుద్ధమైనా సరే, రాజకీయం వంత నిలబడి నేటి సంగతి ఒకటి అడగకుండా ఉండడు. కాబట్టి రాజకీయాన్ని బయటనుంచి తెచ్చి నాజర్ ఈ కళలో కూరారనడం సరికాదు. జంగం కథల నుంచి వచ్చిన ఈ రూపంలో దానికి చోటు ఉంది, ఆయన ఆ చోటును విశాలం చేశారు.

1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద కుటుంబంలో పుట్టిన నాజర్, వామపక్ష కళాసంస్థ అయిన ప్రజానాట్యమండలి ద్వారా బెంగాల్ కరువునూ అల్లూరి సీతారామరాజునూ ఊరూరా వినిపించారు. బుర్రకథ మీద నిషేధం విధించే దాకా ప్రభుత్వం వెళ్లిందంటే అది ఎంత బలంగా తగిలిందో ఊహించుకోవచ్చు. అయితే ఒక్క నమ్మకమే ఉంటే ఉపన్యాసం చాలు. గొంతు, అడుగు, హావభావం మూడూ ఒకే మనిషిలో కలిసి, ఒకే క్షణంలో వీరాన్నీ కరుణనూ మార్చి చూపడానికి ఆయన సంగీతం ఎందుకు నేర్చుకున్నారు, ఎందుకు అంతమంది శిష్యులను తయారు చేశారు? 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆయన బొబ్బిలి యుద్ధం విని కంటతడి పెట్టారు. రెండింటినీ విడదీసి తూచే త్రాసు నా దగ్గర లేదు.

ప్రశ్న: కాకతీయుల నాటి నృత్యమైన పేరిణి శివతాండవాన్ని నటరాజ రామకృష్ణ గారు పునరుద్ధరించారని రాశారు. ఆరేడు వందల ఏళ్లు ఆగిపోయిన నృత్యాన్ని శిల్పాలు చూసి తిరిగి తేవడం సాధ్యమా? అది కల్పన కాదా?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

సమాధానం: మంచి ప్రశ్న, సూటిగా అడిగారు. ఆయనకు దొరికిన ఆధారాలు ప్రధానంగా రెండు. ఒకటి, కాకతీయ గణపతిదేవుని గజసేనానీ, బావమరదీ అయిన జాయప సేనాని పదమూడవ శతాబ్దం నడుమ సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి. శాస్త్ర మార్గంతో పాటు దేశి నృత్తాలను కూడా వివరంగా చెప్పిన గ్రంథం అది. రెండవది, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్ప దేవాలయం. స్తంభాల మీదా దూలాల మీదా నర్తకులూ వాద్యకారులూ బారులు తీరి ఉంటారు. నల్లరాతి మదనికల, అంటే అందమైన భంగిమలలో నిలిచిన స్త్రీ శిల్పాల, సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మీ ఊరివారు పిల్లలప్పటి నుంచి చూస్తూనే ఉంటారు.

గ్రంథం పాదం ఎక్కడ ఉండాలో, చేయి ఏ తీరున ఉండాలో చెబుతుంది. ఎంత వేగంతో అన్నది కాగితం మీద నుంచి చెవికి ఎక్కదు. శిల్పం ఒక్క క్షణాన్ని పట్టి చూపుతుంది. ఆ క్షణానికి ముందూ వెనకా ఆ నర్తకి కాలు ఎక్కడ ఉందో అది చెప్పదు. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీని పూరించినది రామకృష్ణ గారు తన జీవితమంతా కూడబెట్టిన అనుభవం. ఆలయ నృత్యం తెలిసిన వృద్ధ కళాకారిణులను, సమాజం వారిని తప్పించుకు తిరుగుతున్న రోజులలో, వెతికి వెతికి కలిసి, వారి దగ్గర మిగిలిన అభినయాన్ని ఆంధ్రనాట్యంగా నిలబెట్టిన మనిషి ఆయన. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. 1985 శివరాత్రి నాడు రామప్ప గుడి ముందు పేరిణిని జనం చూశారు.

కాబట్టి నా సమాధానం ఇది: అది పాత ఆధారాల మీద కట్టిన కొత్త రచన. అలా చెప్పడం వలన ఆయన ఘనత తగ్గదు, పెరుగుతుంది. శిథిలాన్ని చూసి ఇల్లు ఊహించగలగడం, ఆ ఇంట్లో మళ్లీ మనుషులు కాపురం ఉండేలా కట్టడం చిన్న పని కాదు. ఆహ్వానపత్రికల మీద ‘ఎనిమిది వందల ఏళ్లుగా అవిచ్ఛిన్నంగా’ అని అచ్చు వేయించే నిర్వాహకుల మీదే నాకు అభ్యంతరం. మీరు చదువుతున్నది చరిత్రే అయితే, నృత్తరత్నావళికి తెలుగు అనువాదం ఉంది, చదువుతూ రామప్పకు వెళ్లండి. ఏది గ్రంథంలో ఉంది, ఏది రాతిలో ఉంది, ఏది ఆయన చేర్చినది అన్న మూడు పట్టికలు మీరే తయారు చేయవచ్చు.

ప్రశ్న: మీరు గత నెల పేర్కొన్న కళాకారులలో ఒక్క స్త్రీ కూడా లేదు. మేము ఇక్కడ ప్రతి ఏడూ త్యాగరాజ ఆరాధన జరుపుతాం, పాడేవారిలో ముప్పాతిక వంతు ఆడవారే, నేర్పేదీ మేమే. స్త్రీల తపన మీ కంటికి ఆనదా?
— ఒక సంగీత ఉపాధ్యాయిని, డల్లాస్

సమాధానం: తప్పు నాదే, సమర్థించుకోను. మీరు ఆరాధన ప్రస్తావన తెచ్చారు కనుక, ఆ ఆరాధనలో స్త్రీ గొంతు వినిపించడానికి పోరాడిన ఒకామెతోనే తప్పు దిద్దుకుంటాను.

బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1878లో మైసూరు ప్రాంతంలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టి, మద్రాసులో గాయనిగా పేరూ ధనమూ సంపాదించారు. ఆమెకు సంగీతంతో పాటు తెలుగు కవిత్వం మీద గట్టి పట్టు ఉండేది. పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అప్పటికి కత్తిరింపులతో అచ్చయి ఉంది. రచయిత్రి తన వంశంలోని స్త్రీలను గౌరవంగా చెప్పుకున్న పద్యాలు కూడా ఆ ప్రతిలో లేవు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పూర్తి పాఠాన్ని 1910లో అచ్చు వేయించారు. కందుకూరి వీరేశలింగం గారి వంటి పెద్దలు ఆ కావ్యాన్ని నిందించి ఉండగా, పురుషులు రాస్తే ఆక్షేపించని శృంగారం స్త్రీ రాస్తేనే తప్పెలా అయిందని ఆమె నిలదీశారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగినది 1947లో, టంగుటూరి ప్రకాశం గారి హయాంలో.

ఆ తరువాతి కథ తిరువయ్యారులో. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని తెలిసి, 1920లలో తన సంపాదనతో, నగలు అమ్మిన డబ్బుతో అక్కడ గుడి కట్టించారు. కట్టించినది ఆమె, కాని ఆరాధన జరిపే బృందాలలో స్త్రీలకు పాడే చోటు లేదు. ఆమె వాదనకు కూర్చోలేదు. స్త్రీలతోనే వేరొక ఆరాధన మొదలుపెట్టారు, తాను హరికథ చెప్పారు, తోటి దేవదాసీలను పాడించారు. 1940ల తొలినాళ్లకు అన్ని బృందాలూ కలిసి ఒకే ఆరాధనగా జరపడం మొదలైంది. 1952లో ఆమె కన్నుమూశాక ఆమె సమాధిని స్వామి సన్నిధికి ఎదురుగానే కట్టారు.

చూడండి, ఆమె తపన పాటలో మాత్రమే వెదికితే సగమే దొరుకుతుంది. పాఠం సరిచూడడం, అచ్చుకు డబ్బు పెట్టడం, స్థలం కొనడం, గోడ కట్టించడం ఇవన్నీ కూడా ఆమె సంగీతంలో భాగాలే. మీ ఊరి ఆరాధనలో పిల్లలు త్యాగరాజ పంచరత్న కీర్తనలకు కూర్చునే ముందు ఒక్క అయిదు నిమిషాలు ఈ కథ చెప్పండి.

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేశాను, అరవై ఒకటి దాటాయి. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాడినని అమ్మ అనేది. ఇప్పుడు చిత్రలేఖనం మొదలుపెడితే నవ్వుతారా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: నవ్వేవారు నవ్వుతారు, రెండు నెలల తరువాత విసుగెత్తి మానేస్తారు. మీరు ఉన్న ఊరే మీకు బడి. దామెర్ల రామారావు గారు 1897లో పుట్టింది ఆ ఊళ్లోనే. అక్కడి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ఆయన చేతిని గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాలకు పంపడానికి తోడ్పడ్డాడు. తిరిగి వచ్చి, గోదావరి ఒడ్డునే చిత్రకళాశాల పెట్టి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆయనకు దొరికిన కాలమంతా కలిపితే పదేళ్ల పని. మీకు ఆ పదేళ్లు ఉండవచ్చు, అంతకు మించి కూడా ఉండవచ్చు. వయసు లెక్క అక్కడితో వదిలేద్దాం.

ఆయన పేరు మీద ఉన్న చిత్రశాల మీ ఊళ్లోనే ఉంది. తైలవర్ణ చిత్రాల ముందు నిలబడి తిరిగి వచ్చేయకండి. అక్కడ పెన్సిలు చిత్రాలూ స్కెచ్ పుస్తకాలూ ఉన్నాయి. ఒక చేతిని, ఒక చీర మడతను ఆయన ఎన్నిసార్లు గీసి చూసుకున్నారో అందులో కనిపిస్తుంది. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు, భార్య సత్యవాణి గారు వేసిన చిత్రాలు కూడా చూడండి; ఇంట్లో ఒకరు గీస్తుంటే మిగిలినవారి చేతికి కుంచె ఎలా వచ్చిందో తెలుస్తుంది. అక్కడివారి అనుమతి తీసుకుని, మామూలు రూళ్లు లేని నోటుపుస్తకం, 2బి పెన్సిలు పట్టుకెళ్లి, ఒక్క చీర మడతతో మొదలుపెట్టండి. రబ్బరు ఇంట్లోనే వదిలి వెళ్లండి.